నాలుక సాక్ష్యం

ప్రశ్న అడిగినవాడికి వెంటనే జవాబు చెప్పే అలవాటు భైరవయ్యగారికి లేదు. ఎవరేమి అడిగినా, చేతిలో ఉన్న పని ఆపకుండా, "చూద్దాం" అనేవారు. ఆ చూడడం ఒక్కోసారి అదే పూట అయ్యేది, ఒక్కోసారి ఏడాది పట్టేది. ఆయన మరిచిపోయారనుకుని అడిగినవాళ్ళు కూడా మరిచిపోయేవాళ్ళు. తీరా ఏ వేరు ఎండబెడుతున్నప్పుడో, ఏ రోగిని చూసి తిరిగి వస్తున్నప్పుడో ఆయన ఒక్క మాట అనేవారు. అది తాము ఎప్పుడో అడిగినదానికి జవాబని ఇంటికి చేరాక గాని తట్టేది కాదు.

ఆయన వైద్యులు. గోదావరి పాయ ఒడ్డున, పుల్లేటిలంకకు ఎదురుగా ఆయన ఇల్లు. ఆ ఇంటి వసారాయే వైద్యశాల. అక్కడ ఒక కట్టుబాటు ఉండేది. మందు ఎవరు తయారుచేస్తే వాళ్ళే, రోగి తాలూకు మనిషి చూస్తుండగా, దాన్ని కొంచెం నాలుక మీద వేసుకుని చూసి అప్పుడు ఇవ్వాలి. పక్కవాడు చూస్తే చెల్లదు. చేసినవాడే చూడాలి. దానికి ఆ ఇంట్లో నాలుక సాక్ష్యం అని పేరు. కంటికి ఒకేలా కనిపించే చూర్ణాలు బోలెడుంటాయి, నాలుక మాత్రం అంత తేలిగ్గా మోసపోదని భైరవయ్యగారి తాత పెట్టిన నియమం అది. మూడు తరాలుగా ఎవరూ తప్పలేదు.

శిష్యులు ఇద్దరు, తాతారావు, నరహరి. వయసులో తాతారావు ఆరేళ్ళు పెద్ద, పరువులో నరహరి ఆరు మెట్లు పైన. నరహరి అబద్ధమాడడని, ఆకలికి లొంగడని చుట్టుపక్కల నాలుగు ఊళ్ళలో పేరు మోగిపోయింది. అన్నిటికీ మించి అతని ఏకాదశి. నెలకు రెండుసార్లు, సూర్యోదయం నుంచి మర్నాటి సూర్యోదయం దాకా, పచ్చి మంచినీళ్ళు కూడా ముట్టేవాడు కాదు. తొమ్మిదేళ్ళలో ఒక్కటి తప్పలేదు. ఎండాకాలం ఏకాదశినాడు అతను ఎండిన పెదవులతో రేవులో నడిచి వెళుతుంటే బట్టలు ఉతుక్కునే ఆడవాళ్ళు పని ఆపి దారి ఇచ్చేవాళ్ళు. అతను వాళ్ళవైపు చూసేవాడు కాదు. అలా చూడకుండా వెళ్ళడం కూడా ఆ నడకలో భాగమేనని అతనికి లోపల ఎక్కడో తెలుసు.

తాతారావు సంగతి వేరు. తిండి మీద యావ, దానికి తోడు మతిమరుపు. మూలికలకని వెళ్ళి జామకాయలతో తిరిగొచ్చిన రోజులున్నాయి. చూర్ణం మాడినా, సీసా పగిలినా, పాలు పిల్లి తాగినా ఇంటిల్లిపాదీ ముందు అతని వంకే చూసేవాళ్ళు. అతను కూడా బుర్ర గోక్కుని, "తలుపు తీసిపెట్టింది నేనేనేమో" అనేవాడు. తిట్లు తినడం అలవాటైన మనిషి. తిన్నాక మళ్ళీ మామూలుగా పనిలో పడిపోయేవాడు. నరహరికి అతని మీద జాలి ఉండేది. జాలిపడడానికి ఒక మనిషి దగ్గరలో ఉండడం ఎంత హాయిగా ఉంటుందో అతను ఎప్పుడూ ఆలోచించలేదు.

ఒక దశమినాటి సాయంత్రం ముగ్గురూ వసారాలో కూర్చుని పిప్పళ్ళు బాగుచేస్తున్నారు. అప్పుడు నరహరి అడిగాడు. "గురువుగారూ, ఇది చెయ్యాలా వద్దా అని తేల్చుకోవలసి వచ్చినప్పుడు మనిషి దేన్ని చూసి తేల్చుకుంటాడండీ? శాస్త్రం చెప్పినదాన్నా, ఎదుటివాడి కష్టాన్నా?"

కొన్ని ప్రశ్నలు తెలియక అడిగేవి కావు. తిరిగి తనను అడిగితే బాగుండునని అడిగేవి. భైరవయ్యగారు ఆ కోరిక తీర్చారు. మరి నువ్వు దేన్ని చూసి తేల్చుకుంటావని అడిగారు. ధర్మాన్ని చూసేనండి, ఇంకేదీ నా కంటికి ఆనదని నరహరి తల వంచుకుని చెప్పాడు. ఎంతో అణకువగా చెప్పాననే అతను అనుకున్నాడు. భైరవయ్యగారు ఒక పుచ్చు పిప్పలిని ఏరి బయటికి విసిరి, "చూద్దాం" అన్నారు. తాతారావు స్తంభానికి ఆనుకుని అప్పటికే కునుకు తీస్తున్నాడు.

మర్నాడు ఏకాదశి. పొద్దున్నే భైరవయ్యగారు ఎగువన ఒక ఊళ్ళో పక్షవాతం రోగిని చూడడానికి పడవెక్కి వెళ్ళారు. తాతారావు ఇసుకతిప్పల మీదికి మందుకు గలిజేరు ఆకు ఏరడానికి పోయాడు. వైద్యశాలలో నరహరి ఒక్కడే ఉన్నాడు. ఎండ అప్పుడే చురుక్కుమంటోంది. అతని నాలుక అప్పుడే పిడచగట్టడం మొదలుపెట్టింది. ఆ ఎండిన రుచి అతనికి ఇష్టం కూడా.

అప్పుడు వచ్చింది బంగారమ్మ. పుల్లేటిలంక మనిషి, తాటాకు బుట్టలు అల్లుతుంది. ఆమె కూతురు నూకరత్నం కని తొమ్మిది రోజులైంది. బాలింత ఒంటికి జ్వరం తగిలి ముద్ద సయించడం లేదు. రెండు రోజుల కిందట భైరవయ్యగారు వెళ్ళి చూసి, ఏ మాత్రలు ఎన్ని పూటలు ఇవ్వాలో నరహరికి చెప్పి ఉన్నారు. తెచ్చుకున్నవి అయిపోయాయని, జ్వరం దిగుముఖం పట్టిందని, ఇంకో మూడు రోజులకు కావాలని ఆమె చెప్పింది. నరహరి ఆమెను అరుగు మీద కూర్చోమని మందు నూరడానికి లేచాడు.

మందు నూరే రాతి కల్వాన్ని కడిగాక బోర్లించి పెట్టడం ఆ ఇంటి అలవాటు. కల్వం బోర్లించే ఉంది. నరహరి దాన్ని తిప్పి, పొడిబట్టతో తుడిచి, దినుసులు వేసి నూరాడు. తేనె పోసి ముద్ద చేసి, శెనగగింజంత మాత్రలు కట్టాడు. అతని చేతిపని ఎప్పుడూ ముచ్చటగా ఉంటుంది. పద్దెనిమిది మాత్రలు, ఒకటి పెద్దా కాదు, ఒకటి చిన్నా కాదు. వాటిని ఆకులో పెట్టుకుని అరుగు దగ్గరికి వచ్చి, సాక్ష్యం కోసం ఒక మాత్ర వేళ్ళ మధ్యకు తీసుకున్నాక అతనికి ఏకాదశి గుర్తొచ్చింది.

ఇన్నేళ్ళలో ఇలాంటి చిక్కు రాకపోవడం కేవలం అదృష్టం. ఏకాదశులనాడు మందు చేసే పని ఎప్పుడూ గురువుగారో తాతారావో చూసుకునేవాళ్ళు. ఇప్పుడు నరహరి ముందు మూడు దారులున్నాయి. మాత్రను నాలుకకు తాకించవచ్చు, తొమ్మిదేళ్ళ ఉపవాసం అక్కడితో సరి. తాతారావు వచ్చేదాకా ఆగి, మళ్ళీ మొదటినుంచి అతని చేత నూరించి, అతని చేతే సాక్ష్యం చూపించవచ్చు. మధ్యాహ్నం మోతాదు ఓ గంట ఆలస్యమయ్యేది, అంతే. లేదా చూడకుండా ఇచ్చెయ్యవచ్చు. నిజం చెప్పాలంటే అక్కడ ఇంకెవరూ లేకపోతే అతను మాత్రను నాలుకకు తాకించి ఉండేవాడే. ఆ సంగతి అతనికి తర్వాత చాలాకాలం నిద్రపట్టనివ్వలేదు.

కాని ఎదురుగా బంగారమ్మ ఉంది. ఆమె అతని ఎండిన పెదవుల వంక చూసి చేతులు జోడించింది. "ఇయ్యాల ఏకాశి కదండి అయ్యగారూ. తవరు మంచినీల్లు కూడా ముట్టరంట కదండి. మా పిల్ల పుణ్యం బాగుండి తవరి సేత్తో మందు పడతందండి."

ఆ మాట విన్నాక మాత్ర నాలుక దాకా వెళ్ళలేకపోయింది. పెదవుల దాకా వెళ్ళి ఆగింది. నరహరి కళ్ళు మూసుకుని, దాన్ని పెదవులకు ఆన్చీ ఆన్చనట్టు పట్టుకుని, ఆ తర్వాత నుదుటికి తాకించుకుని ఆకులో పెట్టేశాడు. చూసేవాళ్ళకు అది సాక్ష్యంలాగానే ఉంది, కొంచెం ఎక్కువ భక్తిగా కూడా ఉంది. ఎనిమిదేళ్ళుగా తన చేతి మందు ఒక్కటి చెడలేదు, ఇవాళ చెడుతుందా అని అతను తనకు తాను చెప్పుకున్నాడు. వ్రతాన్ని నిలబెట్టుకోవడం కూడా ధర్మమేనని చెప్పుకున్నాడు. ఇంకా రెండు మూడు మంచి మాటలు కూడా చెప్పుకున్నాడు. బంగారమ్మ మందు కొంగున కట్టుకుని పడవెక్కి వెళ్ళిపోయింది.

ఎండ వాలకముందే ఆమె అల్లుడు వీరాసామి నీళ్ళోడుతూ పరిగెత్తుకుంటూ వచ్చాడు. పడవ కోసం ఆగలేక పాయ ఈదేశాడు. మందు పడిన కాసేపటికే నూకరత్నానికి కడుపు కట్టు తప్పిందని, ఇప్పటికి లెక్కలేనన్ని విరేచనాలని, కళ్ళు లోపలికి పోయాయని, పిలిస్తే పలకడం లేదని చెప్పాడు. సరిగ్గా అప్పుడే భైరవయ్యగారి పడవ రేవుకు చేరింది. ఆయన సంగతి విని, ఒడ్డు దిగకుండానే, ధనియాలు, పటికబెల్లం, పెరుగు పట్టుకుని శిష్యులిద్దరినీ ఎక్కమన్నారు. దారి పొడుగునా నరహరి పొద్దున్న తీసిన దినుసుల పేర్లు మనసులో ఒకటికి పదిసార్లు తిప్పి చూసుకున్నాడు. ఎక్కడా తప్పు కనిపించలేదు. నూకరత్నం ప్రాణం గురించి ఆలోచించవలసిన సమయంలో తను తన తప్పు కోసమే వెతుక్కుంటున్నానని అతనికి అప్పుడు తోచలేదు.

గుడిసెలో ఆ పిల్ల చాప మీద వాడిన తోటకూర కాడలా పడి ఉంది. పసిగుడ్డు పక్కన ఏడుస్తోంది. భైరవయ్యగారు నాడి చూసి, ధనియాల పొడి, పటికబెల్లం పెరుగులో కలిపి చెంచాతో కొద్దికొద్దిగా దించమని తాతారావుకు చెప్పి, మిగిలిన మాత్రలు ఎక్కడని అడిగారు. ఒకటి చిదిపి నాలుక కొసకు రాసుకుని, మరుక్షణం బయటికి వెళ్ళి ఉమ్మేసి వచ్చారు.

"నేపాళం" అన్నారు.

నేపాళం గింజ ఎంత తీవ్రమైన విరేచనకారో గురుశిష్యులు ముగ్గురికీ తెలుసు. ముందురోజు ఒక ఆసామి మలబద్ధకానికి, పొట్ట మీద పట్టు వెయ్యడానికి దాన్ని నూరింది తాతారావు. పైపూతలకు నాలుక సాక్ష్యం అక్కర్లేదు. నూరడం అయ్యేసరికి భైరవయ్యగారి భార్య కామేశ్వరమ్మగారు భోజనానికి పిలిచారు. కల్వాన్ని గుడ్డతో తుడిచి, వచ్చి కడుగుదామని బోర్లించి వెళ్ళాడు. ఆ తర్వాత కడగడం మాట మరిచాడు. నేపాళం జిడ్డు ఆరిపోయి రాతి రంగులో కలిసిపోయింది. తాతారావు నమ్మలేనట్టు ఒక మాత్ర మొత్తం తీసి నాలుకకు గట్టిగా రుద్దుకున్నాడు. కళ్ళ వెంట నీళ్ళు కారాయి. మంటకో ఏడుపుకో చెప్పలేం. "నేనేనండి. కల్వం కడగలేదండి. తిండి దగ్గరికి పోయి మరిచిపోయానండి" అన్నాడు. అని మళ్ళీ చెంచా తీసుకుని నూకరత్నం తల ఒళ్ళో పెట్టుకున్నాడు.

భైరవయ్యగారు నరహరి వైపు తిరిగి, సాక్ష్యం చూసింది ఎవరని అడిగారు.

ఇక్కడ కథ వినేవాళ్ళు నరహరి అబద్ధం ఆడాలని నిశ్చయించుకున్నాడని అనుకుంటారు. అతను ఏమీ నిశ్చయించుకోలేదు. సాక్ష్యం చూడకుండా ఒక బాలింతకు మందు ఇచ్చే మనిషి ఎవరో ఉంటాడు, ఆ మనిషి తను మాత్రం కాడు. అదొక్కటే అతనికి తెలుసు. ఆ తెలిసినదానికి తగ్గట్టే నోరు మాట్లాడింది.

"నేనే చూశానండి. ఉపవాసంతో నాలుక ఎండిపోయి ఉంది. తేడా తెలియలేదండి."

బంగారమ్మ అవునండి అయ్యగారూ అంటూ ముందుకొచ్చింది. తన కళ్ళారా చూశానని, నోటి దగ్గర పెట్టుకున్నారని, తన పిల్ల కోసం తొమ్మిదేళ్ళ ఏకాశి కూడా చెడగొట్టుకున్నారని, ఆ ఏడుపులోనే అతనికి దణ్ణం పెట్టింది. ఉపవాసం మానకుండానే మానినవాడి పుణ్యం కూడా నరహరి ఖాతాలో పడింది. వీరాసామి మాత్రం తాతారావు మీద విరుచుకుపడ్డాడు. ఈ తిండిపోతు చేతికి మందు ఇంకోసారి దొరికితే ఊరుకునేది లేదని, వీణ్ణి వైద్యశాల నుంచి వెళ్ళగొట్టకపోతే లంకవాళ్ళెవరూ ఆ గడప తొక్కరని అరిచాడు. వాకిట్లో చేరిన నలుగురూ అదే మాటన్నారు. భైరవయ్యగారు, ముందు ఈ పిల్ల బతకాలి, మిగతాది రేపు పారణ అయ్యాక తేలుస్తానని చెప్పారు.

చీకటి పడే వేళకు విరేచనాలు నెమ్మదించాయి. తాతారావు అరిచేవాళ్ళ వైపు చూడనైనా చూడలేదు. చెంచా చెంచాగా గంజి పోస్తూ, తడిసిన గుడ్డలు తనే తీసుకెళ్ళి పాయలో జాడించి తెస్తూ, పసిగుడ్డుకు పొరుగింటి బాలింత చేత పాలు ఇప్పిస్తూ ఉండిపోయాడు. తప్పు ఒప్పేసుకున్నాడు కనుక అతని రెండు చేతులూ పనికి ఖాళీగా ఉన్నాయి. నరహరి గుడిసె బయట నిలబడ్డాడు. లోపలికి వెళ్ళి ఏదైనా అందుకుందామని రెండుసార్లు అడుగు వేసి, మళ్ళీ ఆగిపోయాడు. ఎవరో జాలిపడి, ఉపవాసం ఎలాగూ పోయింది కదా అని కొబ్బరిబోండాం కొట్టి ఇచ్చారు. మిగిలిన రోజైనా నిలుపుకుంటానని వద్దన్నాడు. ఇచ్చినవాళ్ళు ఇంకొంచెం ముచ్చటపడ్డారు.

తెల్లవారేసరికి నూకరత్నం కళ్ళు తెరిచి బిడ్డను అడిగింది. గండం గడిచిందని, అయితే పది రోజులు లేవకూడదని, ఆమె పాలు మళ్ళీ పడతాయో లేదో ఇప్పుడే చెప్పలేనని భైరవయ్యగారు బంగారమ్మకు చెప్పి బయలుదేరారు. పడవలో మాట్లాడడానికి భైరవయ్యగారికీ తాతారావుకూ నోళ్ళు సహకరించడం లేదు. అప్పటికి ఆయన నాలుక కొస పొక్కి ఉంది. తాతారావుకైతే పెదవులు కూడా వాచిపోయాయి.

ద్వాదశి పారణకు కామేశ్వరమ్మగారు పెందలాడే వండి వడ్డించారు. ముగ్గురూ వరసగా విస్తళ్ళ ముందు కూర్చున్నారు. పచ్చడి వడ్డించబోతే భైరవయ్యగారు చెయ్యి అడ్డుపెట్టి మజ్జిగ చాలన్నారు. తిండి కనిపిస్తే ఆగని తాతారావు కూడా తల అడ్డంగా ఊపాడు. ఉప్పు తగిలినా ప్రాణం పోతోందని సైగ చేశాడు. ఆవిడ నరహరి విస్తట్లో అల్లప్పచ్చడి వేసి నెయ్యి పోశారు. ఒక పగలూ రాత్రీ ఎండిపోయిన కడుపు అతనిది. వేడివేడి అన్నంలో పచ్చడి కలుపుకుని ఒక ముద్ద తిన్నాడు, రెండోది తిన్నాడు. కారం గొంతు దిగుతుంటే ప్రాణం లేచొచ్చింది. మూడో ముద్ద నోట్లో ఉండగా పక్కన చప్పుడు లేకపోవడం అతనికి తెలిసింది.

భైరవయ్యగారు అతని వైపు చూడడం లేదు. చాలా జాగ్రత్తగా, తన విస్తట్లోకే చూసుకుంటున్నారు. కామేశ్వరమ్మగారి చేతిలో గరిటె మాత్రం గాలిలో ఆగిపోయి ఉంది. ఆ మాత్ర తాకిన ప్రతి నాలుకా పొక్కింది. తన నాలుక మీద అల్లప్పచ్చడి హాయిగా ఉంది. నరహరికి తల కొట్టేసినట్టయింది. ఆ క్షణంలో అతను చేసిన పని నిన్న పొద్దున్న చేసినదానికన్నా, గుడిసెలో ఆడిన అబద్ధానికన్నా సిగ్గుచేటైనది. మొహం చిట్లించి, చేత్తో నోరు మూసుకుని, "అబ్బా, మంట" అన్నాడు. ఆ మాట ఎవరు అన్నారో తెలియనట్టుగా అతనే ఉలిక్కిపడ్డాడు.

తాతారావు ఒక్కడే దాన్ని నమ్మాడు. వాచిన పెదవులతో, మాట పూర్తిగా పలకక, "అయ్యో, నీక్కూడానా నరహరీ. ముందే చెప్పొద్దూ. ఇదిగో, మజ్జిగ పోసుకో, చల్లబడుతుంది" అంటూ మజ్జిగ గిన్నె తన ముందు నుంచి అతని విస్తరి వైపు జరిపాడు.

నరహరి ముద్ద మింగలేకపోయాడు, ఉమ్మలేకపోయాడు. కళ్ళ నీళ్ళు విస్తట్లో పడ్డాయి. లేచి, చెయ్యి కడుక్కోకుండానే భైరవయ్యగారి ముందు కూలబడి అంతా చెప్పాడు. మాత్రను పెదవుల దగ్గరే ఆపానని, బంగారమ్మ చూస్తోందనే ఆపానని, గుడిసెలో ఆడింది అబద్ధమని, ఇప్పుడు మంట అన్నదీ అబద్ధమేనని చెప్పాడు. తాతారావు కల్వం కడగకపోయినా తను నాలుక ఒక్కసారి తాకించి ఉంటే ఆ పిల్లకు ఇంత జరిగేది కాదన్నాడు. తన మొహం ఇక ఎవరికీ చూపించలేనన్నాడు. తాతారావు నోరు తెరిచి ఏదో అనబోయి, మంటకు మూసుకున్నాడు.

భైరవయ్యగారు అంతా విని, ఇది చెప్పవలసింది నాకు కాదని, వెళ్ళి బంగారమ్మకు చెప్పి రమ్మని అన్నారు.

నరహరి ఒక్కడే పడవెక్కి లంకకు వెళ్ళాడు. ఆ కొద్ది దూరంలో ఎన్నిసార్లు వెనక్కి తిప్పమందామనుకున్నాడో. వాళ్ళు కొడితే పడతాను, మొహాన ఉమ్మితే తుడుచుకుంటాను అనుకుంటూ దిగాడు. బంగారమ్మ వాకిట్లో తాటాకు చీరుకుంటోంది. వీరాసామి బిడ్డను భుజాన వేసుకుని తిప్పుతున్నాడు. నరహరి వాళ్ళ ముందు నిలబడి, నిన్న మందు సాక్ష్యం చూడకుండా ఇచ్చానని, తప్పు తాతారావు ఒక్కడిదే కాదని, తనదే ఎక్కువని చెప్పాడు.

బంగారమ్మ తాటాకు పక్కన పెట్టి అతని వంక చూసింది. ఆమె కళ్ళు నిండాయి.

"నా కల్లతో నాను సూశానండి అయ్యగారూ, నోట్లో ఎట్టుకున్నారు. ఆ తాతారావుగారిని ఎల్లగొట్టేత్తారని తవరు నెత్తినేసుకుంటన్నారండి. తవరిలాంటి మనిసి ఈ బూమ్మీద ఇంకోరుంటారా అండి."

వీరాసామి కూడా తల ఊపాడు. అయ్యగారు ఇంతగా అడుగుతున్నారు కనుక తాతారావుగారిని ఏమీ అనబోమని, ఉండనివ్వమని, లంకలో వాళ్ళకు కూడా తనే చెబుతానని అన్నాడు. పసిబిడ్డ తలను నరహరి పాదాలకు తాకించి దీవించమన్నాడు. నరహరి దీవించాడు. తాతారావుకు ముప్పు తప్పింది కదా, వచ్చిన పని అయింది కదా అనుకుంటూ రేవుకు నడిచాడు. దారిలో ఎదురైన ఇద్దరు ఆడవాళ్ళు తప్పుకుని దారి ఇచ్చారు. అతను వాళ్ళవైపు చూడలేదు.

ఇంటికి వచ్చి గురువుగారికి జరిగినదంతా చెప్పాడు. చెప్పాను గాని నమ్మలేదండి అన్నాడు. భైరవయ్యగారు రాతి కల్వాన్ని ఒళ్ళో పెట్టుకుని చింతపండుతో తోముతున్నారు. ఎన్నిసార్లు చెప్పావని అడిగారు. ఒక్కసారేనండి అన్నాడు నరహరి. ఆమె నీలాంటి మనిషి ఇంకొకడు లేడన్నప్పుడు నీకెలా ఉందని అడిగారు.

గురువుగారు తోమడం ఆపలేదు. సిగ్గుతో నరహరి చెవులు కాలిపోతున్నాయి. ఆ మాట పైకి రావడానికి అప్పటిదాకా ఆడిన అబద్ధాలన్నిటికన్నా ఎక్కువ కష్టపడింది.

"తియ్యగా ఉందండి" అన్నాడు.

భైరవయ్యగారు కల్వం మీద నీళ్ళు కుమ్మరించారు. పొక్కిన నాలుకతో, ఒక్కో మాటా కూడదీసుకుంటూ అన్నారు.

"నేపాళమే నయం, నరహరీ. తాకగానే మండి, తానేమిటో చెప్పేస్తుంది. పడవ అవతలికి వెళ్ళిపోకముందే మళ్ళీ వెళ్ళు."